అరసవల్లి మబ్బు, పొందూరు దారం

అక్టోబరు మొదట్లో అరసవల్లి వెళ్లాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో ఒకసారి, పొద్దున్నే సూర్యకిరణాలు నేరుగా గర్భగుడి దాకా వచ్చి సూర్యనారాయణస్వామి పాదాల మీద పడతాయన్న సంగతి ఉత్తరాంధ్ర వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. లోపల కెమెరా తియ్యనివ్వరని తెలుసు. నాకు కావలసింది స్వామి ఫోటో కాదు, ఆ కొద్ది నిమిషాల్లో బయట ఉన్న జనం మొహాలు. పక్కనుంచి పడే లేత ఎండ, ఎత్తి దండం పెట్టే చేతులు, వెనకాల గోపురం... మొత్తం ఫోటోని బుర్రలోనే తీసేసుకుని, కెమెరాకి పని తగ్గించేసి బయల్దేరా.

రైలు దిగింది శ్రీకాకుళం రోడ్‌లో. పేరుకి శ్రీకాకుళం రోడ్డే గానీ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, ఊళ్లోకి రావాలంటే ఇంకో పదమూడు కిలోమీటర్లు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక లాడ్జిలో దిగి, మర్నాటికి ఒక ఆటో మాట్లాడుకుని పడుకున్నా.

తెల్లారి లేచి కిటికీ తీస్తే మబ్బు. అక్కడక్కడా తునకలుగా ఉండే మబ్బు కాదు, ఆకాశానికి మూత పెట్టేసినట్టు ఉంది. మన కోస్తాలో అక్టోబరంటే అల్పపీడనాల నెల, ఇందులో వింతేమీ లేదు, అయినా కడుపులో దిగులు పడింది. సరే, మాట్లాడిన ఆటో ఎలాగూ వచ్చేసింది కదా అని వెళ్లా.

గుడి ముందు జనం మాత్రం ఏం తగ్గలేదు. ఇంద్ర పుష్కరిణి వైపు కూడా మనుషులే. మామూలుగా అయితే ఈ పాటికి అందరూ లోపలికి తొంగి చూస్తూ, మునివేళ్ల మీద లేస్తూ ఉండాలి. ఆరోజు ఒక్కరు కూడా లోపలికి చూడటం లేదు. అందరూ గుడికి వీపు పెట్టి తూర్పుకేసి మబ్బుని చూస్తున్నారు! పిల్లని భుజాన ఎక్కించుకున్న నాన్న, కొబ్బరికాయ సంచీ మోచేతికి తగిలించుకుని కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్న పెద్దావిడ (ఎండే లేదు, చెయ్యి దేనికో), పళ్లెం పట్టుకుని నిలబడ్డ కొత్త పెళ్లికూతురు, పూలమ్మే అబ్బాయి, చివరికి డ్యూటీలో ఉన్న పోలీసాయన కూడా. దేవుడి గుడి ముందు ఇంతమంది దేవుడికి వీపు పెట్టి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఆలోచిస్తే వాళ్లు చూస్తున్నదీ ఆయన కోసమే కదా.

ఎండ వచ్చి ఉంటే ఈ ఫోటో ఉండేది కాదు, అది ఒకటి. రెండోది, ఎండ వచ్చి ఉంటే సగం మొహాలు తెల్లగా మాడిపోయి, సగం నల్లటి నీడలో పోయేవి. మబ్బు ఉన్నప్పుడు ఆకాశమంతా ఒకటే పెద్ద లైటు. ముడతలు, కళ్లు, చెమట, విభూతి, అన్నీ సమానంగా దొరుకుతాయి. కానీ గోల్డెన్ అవర్ (పొద్దు పొడిచేటప్పుడు, కుంగేటప్పుడు పడే లేత ఎండ), గోల్డెన్ అవర్ అని యూట్యూబ్‌లో వినీ వినీ, మబ్బు పట్టగానే కెమెరా సంచీలో పెట్టేసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

మా ఆటో ఆయన నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. కాసేపాగి ఇక ఉండబట్టలేక, “ఏటి సార్, గుడి ఇటుంటే తమరు అటు తీస్తన్నారేటి?” అన్నాడు. స్క్రీన్ చూపించా. “ఓలమ్మో, అందరం మబ్బే సూస్తన్నాం” అని నవ్వి, తనెక్కడైనా పడ్డాడేమోనని వెతుక్కున్నాడు. పడ్డాడు, ఎడమవైపు అంచున, సగం మొహంతో, ఆయనదీ అదే చూపు.

కిరణాలు ఆరోజు రాలేదు.

అక్కణ్నుంచి శ్రీకూర్మం. కూర్మావతారానికి ఉన్న గుడి, మూలవిరాట్టు పడమటివైపు చూస్తాడు, రెండు ధ్వజస్తంభాలు. గుడివాళ్లు పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నా. తాబేలుని ఫోటో తియ్యడంలో యాక్సిడెంట్, అంటే అనుకోనిది ఫ్రేములో పడిపోయే అవకాశం బాగా తక్కువ, అది మనకి చాలా టైమిస్తుంది. కాబట్టి శ్రీకూర్మం గురించి ఇంతే.

శాలిహుండం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. వంశధార ఒడ్డున గుట్ట, గుట్ట మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల పునాదులు. క్రీస్తుకి ముందు కాలం నుంచీ బౌద్ధులున్న చోటు. దీన్ని 1919లో మొదట గుర్తించింది పురావస్తు శాఖ ఉద్యోగి కాదు, మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషి, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేసిన మనిషి, ఈ గుట్ట మీదకీ వచ్చాడు! ఊరికే కూర్చునేవాడికి ఇలాంటివి తగలవు, తిరిగేవాడికే తగులుతాయి అని అక్కడ నిలబడి అనిపించింది.

వానలో తడిసిన ఇటుక ఎర్రగా మెరుస్తుంది. ఒక స్తూపం గుండ్రటి పునాది, దాని వెనకాల కింద వంశధార వంపు, రెండూ ఒకే ఫ్రేములో రావాలని రకరకాలుగా వంగి, కూర్చుని తీశా. అవి బాగానే వచ్చాయి, పోస్టుకార్డు ఫోటోల్లా, ఎవరు తీసినా అలాగే వస్తాయి. అసలు సంగతి రాత్రి లాడ్జిలో లాప్‌టాప్‌లో వేసి చూస్తున్నప్పుడు బయటపడింది. ముందువరసలో ఒక ఇటుక మీద మూడు గీతలు, పక్కపక్కనే, కొంచెం వంపుగా. జూమ్ చేస్తే పచ్చిమట్టి మీద వేళ్లు ఈడ్చినట్టున్నాయి. ఒక గీత చివర మట్టి చిన్న గుట్టలా పోగయి, అలాగే కాలి గట్టిపడిపోయింది. పాత ఇటుకల మీద ఇలాంటి వేలి గీతలు తవ్వకాల్లో చాలాచోట్ల కనిపిస్తూనే ఉంటాయి, చేసినవాళ్ల గుర్తో, సున్నం పట్టు కోసమో. ఇవి కూడా ఆనాటివేనని పందెం కాయను, తర్వాత మరమ్మతుల్లో పెట్టిన ఇటుక కూడా కావచ్చు. కానీ ఎవరిదో చెయ్యి. నేను ఆ గుట్ట మీద ఉన్నంతసేపూ అది నా మోకాలి పక్కనే ఉంది, నేను నది వైపు చూస్తున్నా, చూసింది లెన్సు.

ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఇంగ్లండు టాల్బాట్ 1840ల్లోనే ఈ మాట రాశాడు: తీసినవాడికి తియ్యగానే తెలియదు, ఎప్పుడో తర్వాత పరిశీలించి చూస్తే, తను గమనించనే గమనించని వస్తువులు, గోడల మీద రాతలు, ఒక్కోసారి దూరాన ఉన్న గడియారంలో ఫోటో తీసిన టైము కూడా దొరుకుతుందని. అందుకే నా గట్టి అభిప్రాయం ఒకటి, కెమెరా వెనకాల ఉండే ఆ మూడంగుళాల స్క్రీన్ చూసి ఏ ఫోటోనీ డిలీట్ చెయ్యొద్దు. కార్డులు ఇప్పుడు చవకే. ఇంటికెళ్లి పెద్ద తెర మీద చూసి, కొన్నాళ్లు వదిలేసి, మళ్లీ చూడండి.

సాయంత్రం కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు, ఒకప్పటి రేవు, లైట్‌హౌస్. సముద్రపు తుంపర ఫిల్టరు మీద పొరలా పట్టి దీపాల చుట్టూ పెద్ద పెద్ద వెలుగు వలయాలు వస్తున్నాయి. తుడవకుండా అలాగే తీసి చూద్దాం, ఏదైనా అద్భుతం జరుగుతుందేమో అని తీశా. జరగలేదు. చెత్తగా వచ్చాయి. ఈ “హ్యాపీ యాక్సిడెంట్” అనే మాటకి అందరూ పడిపోతున్నారు గానీ యాక్సిడెంట్లలో నూటికి తొంభై ఉత్త యాక్సిడెంట్లే.

మర్నాడు పొందూరు. తిరుగు రైలు సాయంత్రం, ఈలోగా ఖద్దరు పంచె ఒకటి నాన్నకి కొందామని మాత్రమే వెళ్లా. షాపు ఆయన మాటల్లో పడి, నూలు వడికేచోటు చూస్తారా అని ఒక ఇంటికి పంపించాడు.

పొందూరు నూలు సంగతి మొదలయ్యేది వాలుగ చేప దగ్గర. ఆ చేప దవడ ఎముకకి దువ్వెనకంటే సన్నటి పళ్ల వరస ఉంటుంది. దాన్ని చిన్న పుల్లకి కట్టి, గింజతో ఉన్న పత్తినే దువ్వుతారు. ఆ ఇంట్లో నూలు వడికే మామ్మ ఒక గింజ తీసుకుని, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, దవడతో నాలుగైదుసార్లు లాగింది. మురికిగా, ఉండలా ఉన్న పత్తి కాస్తా గింజ చుట్టూ వెంట్రుకల్లా విచ్చుకుని పట్టులా మెరిసింది. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చెయ్యడం, ఆఖర్న రాట్నం. వంద కౌంటు నూలు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) చేత్తో తీసే ఊరు ఇది. గాంధీగారు మెచ్చుకున్న ఖద్దరని ఊళ్లో పిల్లల్ని అడిగినా చెబుతారు.

చేప దవడ క్లోజప్ కావాలని నాకు ఆశ. తీశా, పదునుగా వచ్చింది కూడా. అప్పటికే ఆవిడ రాట్నం ముందు కూర్చుంది. గదికి ఉన్నది ఒక్కటే చిన్న కిటికీ, దాని కింద రాట్నం, మిగతా గదంతా చీకటి. ఫ్లాష్ బయటికి తియ్యబోతే, “ఆ లైటెయ్యకు బాబూ, కళ్లు జిగేల్మంటాయి, దారం తెగిపోద్ది” అంది. సరే మామ్మా అని లోపల పెట్టేశా. ఫ్లాష్ లేదంటే షట్టర్ నెమ్మదించక తప్పదు. లెన్సు పూర్తిగా తెరిచినా సెకనులో ఎనిమిదో వంతు చూపిస్తోంది. ఆ వేగంలో తిరిగే రాట్నం నిలవదు, కదిలే చెయ్యి నిలవదు. గుమ్మానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి, వచ్చినకాడికి వస్తాయని నొక్కుతూ పోయా.

ఆవిడ కుడిచెయ్యి చక్రం తిప్పుతోంది, ఎడమచెయ్యి ఏకుని పట్టుకుని కదురు నుంచి దూరంగా, పైకి లాగుతోంది. చెయ్యి పూర్తిగా సాగాక ఒక్క క్షణం అక్కడే ఆగుతుంది. చక్రం మాత్రం ఆగదు, ఎందుకంటే అప్పుడే దారానికి పురి ఎక్కాలి. పురి ఎక్కాక కదురుకి చుట్టడం. వరసగా తీసినవాటిలో ఒకటి సరిగ్గా ఆ ఆగిన క్షణంలో పడింది. చక్రం లేదు, వెలుగు పొర ఒకటే ఉంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర మొదలై పొగలా కరిగిపోయింది. ఎడమచెయ్యి మాత్రం గాజులు, గోళ్లు, చర్మం మీద ముడతలతో సహా స్పష్టంగా ఉంది, దానికీ కదురుకీ మధ్య కిటికీ వెలుగులో ఆ దారం.

మనిషి కనబడే మొట్టమొదటి ఫోటోగా చెప్పుకునేది కూడా ఇలా వచ్చిందే. 1838లో పారిస్‌లో, ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఇంకొకడైన డాగేర్ ఒక పెద్ద వీధిని పైకిటికీలోంచి తీశాడు. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాల తరబడి పట్టేది కాబట్టి వీధిలో తిరిగే బళ్లు, జనం అంతా మాయమైపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలిపోయాడు. వీధి తియ్యడానికి వెళ్లినవాడికి మనిషి దొరికాడు. ఇప్పుడైతే మనం ఫోన్‌లో ఒక్క వేలితో రుద్ది ఆ బూట్ల ఆయన్ని కూడా చెరిపేసి, వీధి నీట్‌గా ఉందని పెట్టుకుంటాం. అరసవల్లి ఫోటోలో అంచున మా ఆటో ఆయన్ని తీసెయ్యమని ఇప్పటికే ఇద్దరు ఫ్రెండ్స్ సలహా ఇచ్చారు. తియ్యను.

మామ్మకి స్క్రీన్ చూపించా. నాకు లోపల ఒకటే సంబరం, ఏమంటుందో అని. ఆవిడ కెమెరా రెండు చేతుల్తో పట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు సర్దుకుని చూసింది.

“నా సెయ్యేదీ?”

“తిప్పుతున్నారు కదా మామ్మా, అందుకే కరిగిపోయినట్టు పడింది. బాగుంది చూడండి.”

దాన్నేం పట్టించుకోలేదు. దారాన్ని పెద్దది చేసి చూపించమంది. చేశాను. కదురు దగ్గర్నుంచి వేళ్ల దాకా మెల్లగా చూసుకుంటూ వచ్చి, మధ్యలో ఒకచోట వేలు పెట్టింది. అక్కడ దారం చీమ తలంత లావుగా ఉంది, నేను చూడనే లేదు.

“ఇదిగో, ఇక్కడ మందం వచ్చీసింది. నీతో కబుర్లాడతంటే ఇలాగే వస్తాది. ఇది ఎవలికీ సూపించకు, కూర్చో, మళ్లీ వడుకుతాను, సన్నగా వచ్చింది తీసుకో.”

మళ్లీ వడికింది, మళ్లీ తీశా. ఆ దారంలో వంక పెట్టడానికేం లేదు, ఫోటోలో మాత్రం చెప్పుకోడానికేం లేదు. ఆవిడకి పోస్టులో పంపింది అదే. మొదటిది నా గోడ మీద ఉంది, ఆవిడకి చెప్పలేదు.