పున్నమి, పోటు, రాళ్ల బాట: తీరపు ఊళ్లో వేర్‌వుల్ఫ్‌లకీ వాంపైర్లకీ యుద్ధం రాయాలంటే

వేర్‌వుల్ఫ్‌లకీ (పున్నమికి తోడేళ్లయ్యే మనుషులు) వాంపైర్లకీ (మనుషుల రక్తం తాగి బతికే పిశాచాలు) గొడవ పెట్టే కథల్లో చాలావాటికి ఊరు ఉత్త వెనక తెర. అలల చప్పుడు నాలుగుచోట్ల వినిపిస్తుంది, అంతే. మిగతాదంతా ఎవరికి బలం ఎక్కువ అన్నదాని మీదే నడుస్తుంది. చిన్న రేవు ఊరిని ఎంచుకుని కూడా ఇలా రాస్తే చేతికందినదాన్ని వదులుకున్నట్టే. తోడేళ్లను ఆడించే చంద్రుడే సముద్రాన్నీ ఆడిస్తాడు. పారే నీటిని దాటలేని వాంపైరుకి ఆ సముద్రం ఒక పూట గోడ, ఒక పూట తలుపు. రెండు పక్షాలదీ ఒకే క్యాలెండర్ అన్నమాట. ముందు అది గీసుకుంటే సగం కథ దానంతటదే బయటికొస్తుంది.

నియమాలు ఎక్కడివో తెలిస్తే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవచ్చు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’లో వాంపైరు పారే నీటిని పోటు ఎక్కుతున్నప్పుడో, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడో మాత్రమే దాటగలడు. అదే నవలలో ఎండ అతన్ని చంపదు, శక్తిని తగ్గిస్తుందంతే. ఎండ తగిలితే చావే అన్నది 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో స్థిరపడింది. పున్నమికి మనిషి తోడేలవడాన్ని తప్పనిసరి నియమంగా అందరికీ అలవాటు చేసింది 1940ల హాలీవుడ్. ఇవేవీ శాసనాలు కావు. తీరపు కథకి మాత్రం నీటి నియమం, ఎండ నియమం, పున్నమి నియమం మూడూ ఉంచడమే మేలని నా అభిప్రాయం. నీటి నియమాన్ని ఇంకాస్త బిగించి, పోటు ఎక్కుతున్నప్పుడు కూడా దాటలేడని పెట్టుకోండి. తోడేలు మార్పుని వెన్నెలకి ముడిపెట్టొద్దు, చంద్రోదయానికి ముడిపెట్టండి. వెన్నెలకి ముడిపెడితే మబ్బు పట్టిన ప్రతిసారీ కథ ఆగిపోతుంది.

ఇక స్థలం. ఊరికి ఎదురుగా చిన్న దీవి, దాని మీద వాంపైర్ల ఇల్లు. మధ్యలో నీళ్లు తీసినప్పుడు మాత్రమే బయటపడే రాళ్ల బాట. పున్నమి, అమావాస్యల దగ్గర ఆటు అడుగంటడానికి రెండు గంటల ముందు బాట తేలుతుంది, ఆ తర్వాత రెండు గంటలకి మునుగుతుంది. ఈ ఏర్పాటుకి నీరు బాగా ఎక్కి దిగే తీరం కావాలి. మధ్యధరా, బాల్టిక్ తీరాల్లో చాలాచోట్ల ఆటుపోట్ల తేడా మరీ తక్కువ, అక్కడ ఈ కథ నిలబడదు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరంలో, ఒకే రేవులో పున్నమి పోటు ఎప్పుడూ దాదాపు ఒకే గడియారపు వేళకి వస్తుంది. అమావాస్యకీ అదే వేళ. అష్టమికి సుమారు ఆరు గంటలు జరుగుతుంది. అందుకే కథ మొదలుపెట్టే ముందే మీ ఊరికి పున్నమి పోటు ఎన్నింటికో తేల్చుకోవాలి. ఆ ఒక్క అంకె కథ స్వభావాన్నే మార్చేస్తుంది.

ఆరు గంటలకి పోటు అనుకుంటే ఆటు అర్ధరాత్రి అడుగంటుతుంది. బాట 10 నుంచి 2 వరకు తెరిచి ఉంటుంది. వాంపైర్లు వచ్చి పని చూసుకుని వెళ్లిపోతారు. ఇది దాడుల కథ. అర్ధరాత్రి పోటు అనుకుంటే ఆటు సాయంత్రం 6కీ, తెల్లవారి 6కీ పడుతుంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో సూర్యాస్తమయం 6కే, పున్నమి చంద్రుడు లేచేదీ అప్పుడే. చీకటి పడగానే దాటిన వాంపైరుకి 8 తర్వాత వెనక్కి దారి లేదు. మళ్లీ బాట తేలేది తెల్లవారుజామున 4కి. ఆ ఎనిమిది గంటలూ తోడేళ్లతో పాటు ఊళ్లోనే. నాకు ఈ రెండోదే ఇష్టం, ఎందుకంటే పున్నమి రాత్రి దాటి వచ్చిన వాంపైరుకి బలమైన కారణం ఉండి తీరాలి.

ఆ తర్వాతి రోజులు ఇంకా బాగుంటాయి. ఆటుపోట్లు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, చంద్రోదయమూ సగటున అంతే. పాడ్యమి నాడు సూర్యుడు కుంకాక చంద్రుడు లేచేదాకా కొంత వ్యవధి ఉంటుంది. వాంపైర్లు బయటికొచ్చారు, తోడేళ్లింకా మనుషులే. యుద్ధంలో అతి ప్రమాదకరమైన సమయం ఇదే, అయినా కథల్లో దాదాపు కనిపించదు. శరదృతువు పున్నమి దగ్గర, 50-55 డిగ్రీల ఉత్తర అక్షాంశాల్లో ఈ వ్యవధి అరగంటకి లోపే. వసంతంలో గంట దాటుతుంది. తిరుగు దారి కూడా రోజురోజుకీ ఇరుకవుతుంది. పాడ్యమి మర్నాటి తెల్లవారుజామున బాట 4:50కి తేలుతుంది, మిగిలేది గంటా పది నిమిషాలు. విదియ రాత్రి గడిచాక తేలేది 5:40కి, అంటే ఇరవై నిమిషాలు. తదియ నాడు దాటినవాడికి తెల్లారేలోగా దారే లేదు.

బాట మీద వెంటాడే ఘట్టం రాసేవాళ్లకి పన్నెండో వంతుల లెక్క పనికొస్తుంది. నీరు ఆరు గంటల్లో సమానంగా ఎక్కదు. మొత్తం ఎత్తులో గంటగంటకీ వరుసగా ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి చొప్పున పన్నెండో వంతులు ఎక్కుతుంది. తేడా ఆరు మీటర్లయితే మొదటి గంటలో అర మీటరు, రెండో గంటలో మీటరు, మూడో గంటలో మీటరున్నర. ఎనిమిదింటికి బాట మీద పాదాలు తడిసిన మనిషికి తొమ్మిదింటికి ఛాతీ దాటి నీళ్లుంటాయి. రాళ్ల మీద పాచి ఉంటుంది, పరిగెత్తేవాడు మొదట జారిపడేది దాని మీదే. వెనక ఉన్న తోడేలు ఈదగలదు, ముందున్న వాంపైరుకి ఆ నీరే చావు.

నిలకడ నీటి మినహాయింపు ఉంచితే అర్ధరాత్రి పోటు నిండినప్పుడు పడవలో దాటడానికి కాసేపు మూడో తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ రచయితలు తరచూ జారతారు. నీరు పూర్తిగా ఎక్కిన క్షణమూ, ప్రవాహం ఆగిన క్షణమూ ఒకటే కానక్కర్లేదు. ఏటి ముఖాల్లో, ఇరుకు కాలువల్లో నీటిమట్టం తగ్గడం మొదలయ్యాక కూడా కాసేపు ప్రవాహం లోపలికే సాగొచ్చు. ఆ తేడా తెలిసిన ముసలి పడవవాడు ఏ పక్షాన ఉంటే ఆ పక్షానికి గెలుపు అవకాశం ఎక్కువ.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. తేటగా ఉన్న రోజుల్లో పగలు గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకి, రాత్రి ఒడ్డు మీద నుంచి సముద్రానికి వీస్తుంది. అందుకే రాత్రిపూట దీవి నుంచి వచ్చేవాళ్ల వాసన ఊళ్లోని తోడేళ్లకి అందదు. ఊరి వాసనంతా దీవికి చేరుతుంది.

గొడవ ఎందుకు మొదలవ్వాలి? పాత పగ అంటే సరిపోదు. రక్తం లెక్క వేయండి. మనిషికి సుమారు ఐదు లీటర్లు ఉంటుంది. ఒకసారి 450 మిల్లీలీటర్లు తీస్తే మళ్లీ తీయడానికి 12 వారాలు ఆగాలనుకుందాం. రాత్రికి ఒక మనిషి చొప్పున ఒక్క వాంపైరుకే 84 మంది కావాలి. ఆరుగురికి 504 మంది. మూడువేల జనాభాలో పిల్లల్నీ ముసలివాళ్లనీ జబ్బువాళ్లనీ తీసేసి సగం మిగిలారనుకుంటే, పదిహేడుగురిని మించి ఆ ఊరు మోయలేదు. అదీ రహస్యం గాలికొదిలేస్తేనే. నలుగురైదుగురితో కథ నమ్మదగ్గదిగా ఉంటుంది.

దీనికి రుతువుల్ని కలపండి. 55 డిగ్రీల దగ్గర నడివేసవిలో పగలు సుమారు 17 గంటలు, నడిచలికాలంలో 7 గంటలు. వేసవిలో ఊరి నిండా విహారానికొచ్చిన కొత్తవాళ్లు, కానీ రాత్రి మరీ పొట్టి. శరత్తులో రాత్రులు పొడుగవుతుంటే కొత్తవాళ్లు వెళ్లిపోతారు, ఇక మిగిలేది ఊరివాళ్లే. ఆ ఊరివాళ్లలోనే తోడేళ్ల అక్కచెల్లెళ్లు, అల్లుళ్లు ఉన్నారు. రెండు పక్షాల మధ్య ఉన్న ఒప్పందం తెగేది అక్కడే. అందుకే తోడేళ్ల గుంపుని కండలు తిరిగిన నాయకుడి ముఠాగా చూపించకండి. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ తేల్చిచెప్పినట్టు అడవిలోని గుంపు మామూలుగా తల్లీ తండ్రీ పిల్లల కుటుంబమే. కొట్లాడి నాయకుడయ్యే ‘ఆల్ఫా’ బొమ్మ, సంబంధం లేని తోడేళ్లని ఒకేచోట బంధించి చూసిన పరిశీలనల నుంచి పుట్టింది. అర్ధరాత్రి కొరకడానికి వచ్చినవాడికి ఎదురొచ్చేది ఒక తండ్రి అయితే ఆ పోరుకి వచ్చే బరువే వేరు.

అమావాస్యని మర్చిపోకండి. బాట వేళలు పున్నమివే, తోడేళ్లు మాత్రం ఉండవు. ఊరు మనుషులుగానే కాపలా కాయాల్సిన రాత్రి అది. పున్నమికీ దానికీ మధ్య సుమారు పద్నాలుగున్నర రోజులు, ఆ దూరంలో ఒక దెబ్బకి బదులు తీర్చుకోవడం చక్కగా ఇముడుతుంది.

సంధి మాటలు అష్టమికి పెట్టండి. ఆ రోజుల్లో ఆటు పోటు రెండూ మెత్తబడతాయి, నీరు బాట తేలేంత దిగదు. వాంపైర్లు రాలేరు కాబట్టి తోడేళ్లే మనుషులుగా పడవెక్కి దీవికి వెళ్లాలి. గడప దాటడానికి వాంపైర్లకిలా వాళ్లకి ఆహ్వానం అక్కర్లేదు. తిరుగు ప్రయాణం కూడా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది, పడవ తాడు ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం మొదటి పేరాలోనే చెప్పేయండి.