డల్లాస్ నుంచి అమ్మమ్మ ఊరికి: గ్లోబు మీద 34 సెంటీమీటర్లు

డల్లాస్ ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్‌కు అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఇంట్లో 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్లోబు ఉంటే పిల్లల చేతే దారం పెట్టించి కొలిపించండి, 34 సెంటీమీటర్లు వస్తుంది. బిగించి లాగితే దారం అట్లాంటిక్ వైపు పోదు, ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. గోడ మీది మ్యాపుకి అలవాటుపడ్డ పిల్లలు మొదట ఒప్పుకోరు. ఆ దారిలో నేరుగా వెళ్లే విమానం లేదు. దోహాలో మారితే 12,750, ఆపైన 2,900. దారం మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, అంతే.

గాల్లో ఉండేది మొదటి విమానంలో పద్నాలుగున్నర గంటలు, రెండోదాంట్లో నాలుగు. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి వల్ల పొడుగు ప్రయాణం ఇంకో గంటన్నర సాగుతుంది. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇంటికి తాళం వేసి విజయవాడలో చెప్పులు విడిచేసరికి 30 గంటలు దాటుతుంది. మధ్యలో మూడు గంటల కన్నా తక్కువ వ్యవధి ఉన్న టికెట్టు పిల్లలతో కొనకండి. మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది, గేటు దగ్గర ఇచ్చిన స్ట్రాలర్ అక్కడ చేతికి రాకపోవచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు ఒళ్లో కూర్చోబెట్టే టికెట్టు చాలు. కానీ పుట్టినరోజు ఊళ్లో ఉండగా వస్తే, తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే.

అసలు చిక్కు కిలోమీటర్లతో కాదు, గడియారంతో. తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. చాలా విమానాలు శంషాబాద్‌లో తెల్లవారుజామునే దిగుతాయి. జూన్‌లో రాత్రి రెండున్నరకి దిగితే పిల్ల ఒంటికి అది సాయంత్రం నాలుగు, పార్కుకి పోయే వేళ. ఎగురుతూనే ఉంటుంది. పొద్దున పదిన్నరకి చుట్టాలు వచ్చేసరికి ఆ ఒంటికి అర్ధరాత్రి. కళ్లు మూతలు పడుతుంటాయి, "తాతకి నమస్కారం పెట్టమ్మా" అంటే ముఖం తిప్పుకుంటుంది. "పాపం, తెలుగు రాదు కాబోలు" అన్న మాట అక్కడే పుడుతుంది. తెలుగు వచ్చు, మెలకువే లేదు.

అందుకే మొదటి మూడు రోజులు ఎవరినైనా సాయంత్రం ఐదున్నర తర్వాతే రమ్మనండి. పిల్లకి అప్పుడు ఉదయం ఏడు, మాటలు వాటంతటవే వస్తాయి. ఈ లెక్క అమ్మమ్మకి ఫోన్లో ముందే చెప్పి పెడితే చుట్టాలకి ఆవిడే సర్దిచెబుతుంది. పగటి నిద్రని రెండు గంటలకు మించనివ్వకండి. లేపితే ఏడుస్తారు, అయినా లేపాలి. వదిలేస్తే సాయంత్రం దాకా పడుకుని రాత్రంతా జాగారమే. అర్ధరాత్రి ఆకలేస్తుంది, అది వాళ్లకి మధ్యాహ్నం భోజనం వేళ. పెరుగన్నం, అరటిపండు మంచం పక్కనే ఉంచుకోండి, వంటింట్లో లైటు వేయకండి. కుదురుకోవడానికి వారం పైనే పడుతుంది.

తిరిగొచ్చాక ఇదంతా తలకిందులుగా మళ్లీ మొదలు. టెక్సస్‌లో చాలా బళ్లు ఆగస్టు మధ్యకల్లా తెరుస్తారు. ముందురోజు దిగే టికెట్టు నూరు డాలర్లు తక్కువకి దొరికినా వద్దు, కనీసం ఐదు రోజులు మిగిలేలా చూసుకోండి.