సగం పనైన సైలెన్సర్‌కు చట్టం వర్తిస్తుందా?

మిర్యాలగూడ రైస్ మిల్లులకు షాఫ్టులు, బుష్‌లు తిప్పి ఇచ్చే లేత్ షాపు యజమాని ఒకాయన ఆ మధ్య నల్లగొండలో నా ఆఫీసుకు ఒక కాగితం తెచ్చాడు. తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ కోసం పెన్సిలుతో గీసిన బోలు గొట్టం, దాని పక్కన కొలతలు; చివరి పని తామే చేసుకుంటామని, మీరు అంతవరకు తిప్పి ఇస్తే చాలని గిరాకీ చెప్పాడట. “ఇది తుపాకీ కాదు, సామాను కూడా పూర్తి కాదు, మనకేం కేసయితది వకీలు సాబ్?” అన్నది ఆయన ప్రశ్న.

కేసవుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లో తుపాకీకి ఇచ్చిన నిర్వచనం మామూలు మనిషి అనుకునే దానికంటే చాలా విశాలమైనది. పేలుడు శబ్దాన్ని గానీ మెరుపును గానీ తగ్గించడానికి ఉద్దేశించిన ఉపకరణమూ, తుపాకీ విడిభాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ అందులోకే వస్తాయి. అంటే పక్కన తుపాకీ లేకపోయినా సైలెన్సర్ ఒక్కటే చట్టం దృష్టిలో తుపాకీ, కనుక దాని భాగం కూడా తుపాకీ భాగమేనని పోలీసులు వాదించగలరు. నిర్వచనాన్ని అంత దూరం లాగవచ్చా అని నావంటివాడు కోర్టులో గట్టిగానే కొట్లాడవచ్చు గానీ, ఆ వాదన వినిపించే రోజుకు షాపాయన జైలు చూసి ఉంటాడు.

ఎనభై శాతమే పనైన భాగం తుపాకీ కిందికి రాదు, ఫర్వాలేదన్న మాట మన పిల్లలకు అమెరికా నుంచి ఫోన్లలో వస్తున్నది. అది అక్కడి తుపాకీ ఫ్రేముల వ్యాపారంలో పుట్టిన లెక్క. అక్కడ కూడా 2022లో తెచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 2025 మార్చిలో 7–2 తేడాతో సమర్థించి, సులువుగా తుపాకీగా మార్చగల కొన్ని విడిభాగాల కిట్లు చట్టం పరిధిలోకి వస్తాయని తేల్చింది. ఇక సైలెన్సర్ విషయంలోనైతే, దాని తయారీకే ఉద్దేశించిన భాగాన్ని కూడా అక్కడి ఫెడరల్ చట్టం సైలెన్సర్‌గానే చూస్తుంది. మన చట్టంలో శాతం అన్న మాటే లేదు. వస్తువును దేనికోసం రూపొందించారన్నదే ప్రశ్న. అలాంటి కిట్టును సూట్‌కేసులో పెట్టుకొని శంషాబాద్‌లో దిగితే పదో సెక్షన్ కింద దిగుమతి లైసెన్సు ఏదని అడుగుతారు.

మినహాయింపు లేకపోలేదు. 45వ సెక్షన్ ప్రకారం, తక్కిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలను దగ్గర పెట్టుకున్నవారికి ఈ చట్టం వర్తించదు. తాతల నాటి తుపాకీ మర ఒకటి అటక మీద దొరికిన కుటుంబానికి ఇది న్యాయమైన రక్ష. అయితే ఆ తక్కిన భాగాలు తన దగ్గరే ఉండనక్కరలేదు, మరొకరి దగ్గర ఉన్నా చాలునని అదే సెక్షన్ చెబుతున్నది. “చివరి పని మేం చేసుకుంటాం” అన్న గిరాకీ మాట సరిగ్గా ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది శిక్షల్లోని తేడా. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకుంటే మూడో సెక్షన్, దాని మీద కేసు నడపాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. తయారుచేస్తే ఐదో సెక్షన్, దానికి ఆ అనుమతి అడ్డు లేదు, పైగా 2019 సవరణ తరువాత కనీస శిక్షే ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. కూలి డబ్బుల కోసం గొట్టం తిప్పిన మనిషి మీద పడేది ఈ రెండోదే. మిర్యాలగూడ షాపాయన ఆ పని ఒప్పుకోలేదు. ఆ కాగితాన్ని పారేయవద్దనీ, అదే రోజు ఠాణాలో రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోమనీ చెప్పి పంపాను.