మకోలాలో మిరపకాయల బేరం

డిసెంబరు వచ్చిందంటే ఘనా రాజధాని అక్రాలో హర్మటాన్ మొదలవుతుంది. సహారా ఎడారి వైపు నుంచి వీచే పొడిగాలి అది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికల్లా సన్నటి దుమ్ము పేరుకుంటుంది, పెదాలు పగులుతాయి. అయితే మజ్జిగ మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి రోజులు ఈ ఊళ్లో ఉండవు. మిగతా కాలమంతా సముద్రపు చెమ్మే. అందుకే మొన్న శనివారం నేనూ మా ఆయనా మిరపకాయల కోసం మకోలా మార్కెట్‌కి బయల్దేరాం.

ఆయన ఉద్యోగం టెమా రేవులో. వారమంతా కారూ ట్రాఫిక్కే కాబట్టి శనివారం మాత్రం అక్రా శివారు మదీనాలో ట్రోట్రో ఎక్కుతాం. అది పాత వ్యాను. తలుపు పట్టుకుని "క్రా! క్రా! క్రా!" అని అక్రా సెంటర్‌కి మనుషుల్ని పిలిచే కుర్రాణ్ని మేట్ అంటారు. వెనక సీట్లో వాళ్ల డబ్బులు చేతులు మారుతూ అతని దాకా వెళ్తాయి, చిల్లర అదే దారిన తిరిగొస్తుంది. మాకైతే ఎప్పుడూ ఒక్క సెడీ (ఇక్కడి రూపాయి లాంటిది) తేడా రాలేదు.

మకోలాలో అడుగుపెట్టాక మాత్రం తొందర పనికిరాదు. ఘనాలో పలకరించకుండా పని మొదలుపెట్టడం మర్యాద కాదు. ముందు "మాచే" (శుభోదయం) అనాలి, "ఎతే సేన్" అని క్షేమం అడగాలి, జవాబు వినాలి, ఆ తర్వాతే ధర. మా ఆయనకి రేవులో పనివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ట్వీ భాష బాగానే పట్టుబడింది. బేరం ఆయనదే.

మేం ఎప్పుడూ కొనే ఆవిడ అరవై దాటిన మనిషి. తను నన్ను కస్టమర్ అంటుంది, నేనూ తనని కస్టమర్ అనే పిలుస్తాను. ఇక్కడ అదే వరస. ఆవిడ ముందు క్పాక్పో షిటో రాశులు పోసి ఉంటాయి. గుండ్రంగా, చిన్నగా ఉండే ఈ పచ్చిమిరపకాయల్ని గోటితో గిల్లితే చాలు, వాసన ముక్కుకి తగులుతుంది. పక్కన బొబ్బర్లనీ, కర్రపెండలంతో చేసే గారీనీ ఒలొంకా డబ్బాతో కొలుస్తున్నారు, మనం మానికతో కొలిచినట్టు. శిఖ కట్టి కొలవడం ఇక్కడా ఉంది.

ఇక్కడ టమాటాకి ఒక రాణి, ఉల్లికి ఒక రాణి ఉంటారు. సరుకు ఎప్పుడు దిగాలో, గొడవ వస్తే ఎవరిది న్యాయమో తేల్చేది ఆ ఆడవాళ్లే. ఈ బలమే ఒకప్పుడు వాళ్ల మీదకి ఆపద తెచ్చింది. 1979లో జెర్రీ రాలింగ్స్ సైనిక ప్రభుత్వం ధరలు మండిపోతున్న నేరాన్ని వీళ్ల మీద మోపింది. 1924 నాటి మకోలా నంబర్ 1 మార్కెట్‌ని సైనికులు నేలమట్టం చేశారు. కరువుకీ కొరతకీ కారణాలు వేరే ఉండగా గంప పెట్టుకుని బతికేవాళ్లని శిక్షించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఆడవాళ్లు మళ్లీ వచ్చి కూర్చున్నారు, మార్కెట్ మళ్లీ లేచింది.

మధ్యలో వాచే తిన్నాం. జొన్న ఆకులు వేసి బొబ్బర్లతో వండిన ఎర్రటి అన్నం, వెడల్పాటి ఆకులో పొట్లం.

మిరపకాయలు తూకం లేకుండా కుప్పల లెక్కన తీసుకుంటుండగా రాజమండ్రి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. మనవాళ్ల గడియారం ఇక్కడికంటే అయిదున్నర గంటలు ముందు, అక్కడ సాయంత్రం. కస్టమర్ ఫోన్ లాక్కున్నంత పని చేసి, "మమ్మీ, ఎతే సేన్?" అంది. అమ్మకి ట్వీ రాదు. అయినా "బాగున్నానమ్మా, నువ్వెలా ఉన్నావు? మా పిల్ల సరిగ్గా తింటోందా?" అని మొదలుపెట్టింది. ఇద్దరూ తమ తమ భాషల్లో కాసేపు మాట్లాడుకున్నారు. చుట్టాలెవరూ లేని ఊళ్లో మా ఇద్దరి బాగోగులు ప్రతి వారం నిలబెట్టి అడిగే మనిషి ఆవిడ. కిందటి నెల మా ఆయనకి మలేరియా వచ్చి తగ్గిన సంగతి మర్చిపోకుండా, ఆయన మొహం చూస్తూ ఇంకా నీరసంగా ఉందా అని అడిగింది.

డబ్బులిచ్చాక రెండు గుప్పిళ్లు కొసరు వేసింది. ఒకటి నాకట, ఇంకోటి మమ్మీ పేరు మీదట.