ఉత్తరం గోడకు కొత్త సీడర్ పలకలు, మూడో వారాంతం

రెండు రోజులు పొద్దున్నుంచి చీకటి పడేదాకా పనిచేస్తే ఇంటి బయట ఉత్తరం గోడ మీద, ఒకదాని అంచును ఇంకోటి కప్పేలా అడ్డంగా బిగించే సీడర్ చెక్క పలకలు 14 వరుసలు ఎక్కాయి, అంటే కిటికీ కింది గడప దాకా వచ్చాం. మాది మసాచుసెట్స్‌లో 1925లో కట్టిన చెక్క ఇల్లు. పాత పలకలు చాలావరకు మేకుల వెంబడే పొడవునా పగిలాయి, పుచ్చిపోయినవి తక్కువే. ఊడదీస్తుంటే కారణం తెలిసింది. ఒక్కో మేకు పై పలకనీ, దాని కింద దాక్కున్న పలక అంచునీ కలిపి బిగించేసింది.

ఈ పని చేసేవాళ్లెవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. పలక తేమకు వెడల్పులో ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, పలక రెండో కొస ఆయనే పట్టుకుంటున్నారు. ఈ సంగతి చెబితే "మన వీధి తలుపు వానాకాలంలో బిగుసుకుపోయి, ఎండాకాలంలో వదులయ్యేది కదరా, ఇదీ అంతే" అన్నారు. అచ్చం అంతే. పలకకి పైనా కిందా రెండు చోట్ల మేకు పడితే కదలడానికి చోటు ఉండదు, అందుకని పగులుతుంది.

నా పలక వెడల్పు 5½ అంగుళాలు. బయటికి కనిపించేది సుమారు 4 అంగుళాలు, మిగతాది పై పలక కింద ఉంటుంది. కింది పలక పై అంచు ఎక్కడ ఆగిందో చూసుకుని, దానికి ⅛ అంగుళం పైన మేకు కొట్టాలి, ప్రతి స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క) దగ్గర ఒక్కటే. అప్పుడు మేకు ఒక్క పలకలోంచే దిగుతుంది, ఆ పలక కింది అంచు తన కిందున్న పలకను నొక్కిపెడుతుంది. శనివారం మొదటి మూడు వరుసల్లో మేకులు అర అంగుళం కిందికి కొట్టేశాను, రెండు పలకల్లోకీ దిగాయి. అన్నీ పీకి మళ్లీ వేశాను, రెండు గంటలు పోయాయి, కానీ అలా వదిలేస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

మేకుల దగ్గర పొదుపు చేయకండి. సీడర్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం మామూలు ఇనుము తగిలితే నల్లటి చారలు కారుతుంది, సన్నటి జింకు పూత ఉన్న మేకులకీ అదే గతి. నేను వాడుతున్నవి 304 రకం స్టెయిన్‌లెస్, ఒంటికి గాడులున్నవి, రెండున్నర అంగుళాలు. పలక, దాని వెనక అరంగుళం నిలువు బద్ద పోను, గట్టి చెక్కలోకి కనీసం 1¼ అంగుళం దిగాలి కాబట్టి ఆ పొడవు. తల పలకతో సమంగా ఆగాలి, లోపలికి కూరుకుపోతే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. అందుకే మేకులు కొట్టే గన్ పక్కన పెట్టి సుత్తితోనే కొడుతున్నాను. కొసల దగ్గర ముందే సన్నగా డ్రిల్ చేస్తే చీలదు.

ఆ నిలువు బద్దలు గాలి ఆడడానికి. పలక వెనక చేరిన నీళ్లు కిందికి కారిపోయి ఆరిపోతాయి. అడుగున పురుగులు దూరకుండా జాలీ కొట్టాం. మొదటి వరుస నేలకి కనీసం 6 అంగుళాలు ఎత్తులో ఉండాలి, దాని కింది అంచు వెనక సన్నటి బద్ద వేస్తేనే మిగతా వరుసల వాలు వస్తుంది. పలకలకి నాలుగు వైపులా ఆయిల్ ప్రైమర్ ముందే వేసి ఆరబెట్టాను, కోసిన కొసకి మాత్రం అప్పటికప్పుడు వేయాలి, నీళ్లు ఎక్కువగా పీల్చేది అక్కడే.

వరుసల లెక్కకి ఒక పొడవాటి బద్ద మీద గీతలు గీసి గోడ రెండు చివర్లా అదే పెట్టి గుర్తులు వేశాను. 4 అంగుళాలకి బదులు 3⅞ తీసుకుంటే కిటికీ గడప కింద సన్నటి ముక్క మిగలకుండా సరిపోయింది. ఇల్లు ఒక పక్కకి అరంగుళం వాలింది, దాన్ని మూడు నాలుగు వరుసల్లో కొంచెం కొంచెంగా సర్దాం.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లైతే పాత పెయింట్‌లో సీసం ఉందేమో పరీక్ష చేయకుండా ఒక్క పలక కూడా ఊడదీయకండి. మా ఇంటి పెయింట్‌లో ఉంది. నేల మీద ప్లాస్టిక్ పరిచి, పెయింట్ తడుపుతూ, మాస్క్ వేసుకుని తీశాను, పిల్లల్ని ఆ రెండు రోజులూ స్నేహితుల ఇంట్లో ఉంచాం.

వచ్చే శనివారం కిటికీ పైన నీళ్లు లోపలికి దిగకుండా రేకు మడిచి, పలకల వెనక గోడకి కొట్టిన నీళ్లు ఆపే కాగితం కిందికి దూర్చాలి, ఆ తర్వాతే 15వ వరుస.