ముందు పులుపు, కారం తర్వాత

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎవరింటికి భోజనానికి పిలిచినా దాదాపు ఒకటే ఏర్పాటు. పెద్దవాళ్లకి గుత్తివంకాయ కూర, గోంగూర మటన్, బిర్యానీ. పక్కన ఇంకో టేబుల్ మీద పిల్లలకి పిజ్జా డబ్బాలు. "మా పిల్లలు కారం తినలేరండీ" అంటారు తల్లిదండ్రులు. నిజమే, ఐదేళ్ల పిల్ల గుంటూరు కారం తినాలని ఎవరూ అనరు. కానీ కారం తినలేరన్న ఒక్క కారణంతో మన వంట మొత్తాన్నీ వాళ్ల కంచంలోంచి తీసేస్తున్నాం. నాకు బాధ కలిగేది అక్కడే. మన వంటలో కారం కంటే ముందు నిలబడేది పులుపు. పప్పులో, చారులో, పులుసులో, పచ్చడిలో, చివరికి పెరుగులో కూడా అదే. పరాయి దేశంలో పుట్టిన పిల్లలకి మన తిండి అలవాటు చేయాలంటే ఆ దారినే వెళ్లాలని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో వంట నాది. మాది తెనాలి పక్కన పల్లెటూరు, మా ఆవిడది కరీంనగర్. అమ్మాయికి 13 ఏళ్లు, అబ్బాయికి 8. ఇద్దరూ టెక్సస్‌లోనే పుట్టారు. పిల్లలకి ఒక వంట, పెద్దలకి ఒక వంట అన్నది మొదట్నుంచీ లేదు. ఇద్దరం ఆఫీసుల నుంచి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది, రెండు వంటలకి ఓపిక ఎవరికుంటుంది? అందుకని వండిన ఒక్క వంటా నలుగురూ తినేలా ఉండాలి. పోపులో ఎండుమిరపకాయలు తుంచకుండా వేస్తాను, పప్పులో పచ్చిమిరపకాయలు చీల్చకుండా వేస్తాను. మిరపకాయలో కారం ఎక్కువగా గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. కాయ పగలకపోతే వాసన దిగుతుంది, మంట పెద్దగా దిగదు. పెద్దవాళ్లం పక్కన ఊరమిరపకాయ నంజుకుంటాం. పులుపు మాత్రం ఎవరి కోసమూ తగ్గించను.

ఇక్కడ పుట్టిన పిల్లల నాలుకకి పులుపు కొత్తేమీ కాదు. సిట్రిక్ ఆసిడ్ పొడి అద్దిన పుల్లటి క్యాండీలు కళ్లు గట్టిగా మూసుకుని, మొహం ముడుచుకుంటూ మరీ తింటారు. బర్గర్‌లో వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్క, ఫ్రైస్ పక్కన కెచప్, ఎండాకాలం లెమనేడ్. ఇవన్నీ ఇష్టంగా తినే పిల్ల మామిడికాయ పప్పు ఎందుకు వద్దంటుంది? చాలా ఇళ్లలో జరిగేది ఏమిటంటే, చిన్నప్పుడు పంచదార వేసిన పెరుగన్నం, చప్పటి పప్పు పెడతారు, నాలుగేళ్లు నిండగానే నేరుగా పెద్దవాళ్ల కూర ముందు కూర్చోబెడతారు. మధ్యలో మెట్టు లేదు. ఆ మెట్టే పులుపు.

మేం టమాటా పప్పుతో మొదలుపెట్టాం. మెత్తగా ఉడికిన కందిపప్పు, టమాటాలు, చిటికెడు పసుపు, ఒక చింతపండు రెబ్బ. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి ముద్దలు చేస్తే ఏడాదిన్నర పిల్ల కూడా నోరు తెరుస్తుంది. తర్వాత దోసకాయ పప్పు. మన పసుపుపచ్చటి గుండ్రటి దోసకాయ టెక్సస్ ఎండకి పెరట్లో బ్రహ్మాండంగా కాస్తుంది. కోసిన ప్రతి కాయా చేదుందో లేదో ముక్క నోట్లో వేసుకుని చూడటం పిల్లల డ్యూటీ. ఆ తర్వాతే మామిడికాయ పప్పు. ఇక్కడి పెద్ద సూపర్‌మార్కెట్లలో పచ్చగా కనిపించే మామిడికాయలు పప్పుకి కొనకండి. అవి పండించి తినడానికి కోసినవి, పులుపు తక్కువ, పప్పులో పడితే ఎటూ కాని రుచి వస్తుంది. ఇండియన్ షాపుకి వెళ్లి పచ్చడి కాయ ఉందా అని అడగాలి, తొడిమ దగ్గర వాసన చూసి, రాయిలా గట్టిగా ఉన్నది ఏరుకోవాలి. టెంక పారేయకుండా పప్పులోనే ఉడికిస్తాను. ఆ టెంక ఎవరికి రావాలన్నది మా ఇంట్లో తేలని తగువు. చివరికి వంతులు వేశాం, వంతు తప్పితే అబ్బాయి ఊరుకోడు.

పులుపు గురించి ఇంత ధైర్యంగా మాట్లాడటానికి ఇంకో కారణం మా చుట్టూ ఉన్న మెక్సికన్ కుటుంబాలు. మా అమ్మాయి స్నేహితురాలిది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. ఆ పిల్ల ఒకసారి మా ఇంట్లో మామిడికాయ ముక్కలకి ఉప్పూ కారం అద్దుకుని తింటూ, మా నాన్నమ్మ కూడా ఇలాగే పెడుతుంది అంది. వాళ్లు మామిడి మీద మిరపపొడి, ఉప్పు, నిమ్మరసం వేసుకుంటారు. వాళ్ల షాపుల్లో చింతకాయలు పెంకుతో సహా అమ్ముతారు. చింతపండులో ఉప్పు, కారం, చక్కెర కలిపిన క్యాండీలు ఉంటాయి, చింతపండు షర్బత్ ఉంటుంది. మిరపకాయ అటు నుంచి పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చింది. చింతపండు స్పెయిన్ ఓడల మీద వాళ్ల దగ్గరికి చేరింది. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఇంట్లో తినేది ఈ ఊళ్లో తను ఒక్కతే తినే వింత తిండి కాదని తెలియడం ఆ వయసు పిల్లకి ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

నిమ్మకాయలు కూడా అక్కడే కొంటాను. మామూలు స్టోర్లలో దొరికే పెద్ద ఆకుపచ్చ నిమ్మకాయ, గింజలు లేనిది, వేరే జాతి. మెక్సికన్ షాపులో వల సంచిలో అమ్మే చిన్న కాయ, కీ లైమ్ అంటారు, అదీ మన నిమ్మకాయా ఒకటే జాతి. గింజలుంటాయి, తొక్క పల్చన, వాసన ఘాటు. నిమ్మకాయ పులిహోరకి దాన్ని మించింది ఈ దేశంలో నాకు కనపడలేదు.

చింతపండు విషయంలో నేను పట్టుదల మనిషిని. సీసాలో నల్లగా అమ్మే గుజ్జు మా వంటింట్లోకి రాదు. బాగా మరిగించి చిక్కబరిచిన సరుకు అది. చారులో వేస్తే రంగు నల్లబడుతుంది, పులుపు తప్ప చింతపండు వాసన మిగలదు. పావు గంట వేడినీళ్లలో నానబెట్టి చేత్తో పిసికితే వచ్చే రసానికి ఏదీ సాటిరాదు. మా అమ్మ వేసవి మొదట్లో కొత్త చింతపండు కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో దాచేది. కొత్తది ఎర్రగా ఉంటుంది, పాతబడేకొద్దీ నల్లబడుతుంది. పులిహోరకి కొత్తదే అందం. ఇక్కడ మనకి ఎంచుకునే వీలు అంత ఉండదు గానీ, ప్యాకెట్ పట్టుకుని వెలుతురులో చూస్తే రంగు తెలిసిపోతుంది. చింతపండు పిసకడం మా అబ్బాయి పని. పీచూ పిక్కా వేళ్ల మధ్య నుంచి తీసి పక్కన పెట్టడం వాడికి సరదా. చేత్తో చేసిన వంటని పిల్లలు రుచి చూడకుండా వదలరు.

స్కూలు డబ్బాకి కూడా పులిహోరే మా ఆధారం. చల్లారినా బాగుంటుంది, కారదు, మైక్రోవేవ్ అక్కర్లేదు. అమ్మాయి చిన్న క్లాసులో ఉన్నప్పుడు పల్లీ అలర్జీ ఉన్న పిల్లవాడు ఒకడు పక్కనే కూర్చునేవాడు. అందుకని పల్లీలు లేకుండా చేయాల్సి వచ్చింది. మా అమ్మ ఫోన్లో "పల్లీలు లేకపోతే అదేం పులిహోర్రా" అంది. ఆ బాబుకి పల్లీ తగిలితే ప్రాణం మీదకి వస్తుందమ్మా అని చెప్పాక మారు మాట్లాడలేదు. శనగపప్పు రెండింతలు వేసి ఎర్రగా వేయించు, చివర్లో కాస్త ఆవపిండి కలుపు అని తనే దారి చూపించింది. ఆవపిండి ఘాటుకి ఆ పులిహోర ఎంత బాగా కుదిరిందంటే, ఇప్పుడు పల్లీలు వేయొచ్చు అన్నా పిల్లలు అదే అడుగుతారు.

మా అత్తగారు వచ్చి ఉన్న నెలల్లో వంటింట్లో పచ్చిపులుసు రాజ్యం. మా వైపు పులుసు అంటే పొయ్యి మీద మరగాల్సిందే. నాకూ పెళ్లయ్యాకే పచ్చిపులుసు తెలిసింది. ఆవిడ పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిపాయ ముక్కలూ ఉప్పూ వేసి చేత్తో నలిపి, చింతపండు రసం పోసి, వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర వేసి పైన పోపు పెడుతుంది. పిల్లలున్నారని కాల్చిన కాయని నలపకుండా పులుసులో కాసేపు వేసి తీసేస్తుంది. మంట మీద మాడిన ఆ వాసన చాలు. పక్కన పెసరపప్పు ఖిచిడి. "ఇంకింత పోసుకో బిడ్డా" అంటుంటే అబ్బాయి గ్లాసులో పోసుకుని తాగేస్తాడు. అమ్మమ్మ భాష వాడికి ఇలాంటి భోజనాల దగ్గరే ఎక్కింది. ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడమంటే మెలికలు తిరిగే పిల్లవాడు, పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందో లేదో మాత్రం ఆవిడతో కూర్చుని తెలుగులోనే తేలుస్తాడు. గుంటూరు వంట గొప్పదా తెలంగాణ వంట గొప్పదా అన్న వాదన ఇక్కడి పార్టీల్లో కూడా వింటూ ఉంటాను. మా పిల్లలకి రెండూ సొంతం, ఆ వాదన వాళ్లకి అంటకూడదని నా కోరిక.

గోంగూర మాత్రం పండగే. ఏప్రిల్‌లో నేల వేడెక్కాక విత్తనాలు వేస్తాం. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజున కూడా, సొరపాదు వాడిపోతుంది గానీ గోంగూర తలవంచదు, నీళ్లుంటే చాలు. చివుళ్లు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వస్తాయి. పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకొచ్చి ఆకు ముదురుతుంది, నవంబరు మంచుకి మొక్క పోతుంది. అందుకని అక్టోబరులోనే ఆకంతా కోసి, కడిగి, నీళ్లు పూర్తిగా ఆరాక నూనెలో మగ్గించి ఫ్రీజర్‌లో పెడతాను. ఆకు తడి మీద మగ్గిస్తే పచ్చడి నిలవ ఉండదు, ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోకండి. మెక్సికన్ షాపులో హమైకా అని ఎండబెట్టి అమ్మే ఎర్రటి పుల్లటి రేకులు కూడా ఎర్ర గోంగూర జాతి కాయల చుట్టూ ఉండే తొడుగే. దాంతో చేసే షర్బత్ మా పిల్లలకి ప్రాణం.

ఇంకో సంగతి. మాకు దగ్గర్లోని లూయిస్‌విల్‌లో బర్మా నుంచి వచ్చిన చిన్ ప్రజలు చాలామంది ఉన్నారు. బర్మా వంటలో ఈ ఆకే చిన్‌బౌంగ్. రొయ్యలతో, వెదురు చిగురుతో వేపుతారు. మా వీధి చివర అలాంటి కుటుంబం ఒకటి ఉంది. మా పెరట్లో ఆకు చూసి ఆ ఇంటావిడ ఆగిపోయింది. ఆకు కోసిచ్చాం, మర్నాడు గిన్నెలో కూర వచ్చింది. మన గోంగూర రొయ్యలకి చాలా దగ్గర, నూనె తక్కువ, వెల్లుల్లి ఎక్కువ. మా ఇద్దరు పిల్లలూ ఆ గిన్నె ఖాళీ చేశారు. మంట బాగానే ఉంది, నీళ్లు తాగుతూ తిన్నారు.

కారం అలా దానంతట అదే వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు, పందేలు కట్టలేదు. గోంగూర పచ్చడి ఇష్టపడిన పిల్లకి అందులో మిరపకాయ కూడా ఇష్టమవుతుంది. మా అమ్మాయి ఇప్పుడు ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కలుపుకుంటుంది, ముక్క కూడా తింటుంది. చారు రుచి చూసి "ఇంకొంచెం చింతపండు పడాలి నాన్నా" అంటుంది, చాలాసార్లు తను చెప్పిందే నిజం. జలుబు చేస్తే మిరియాల చారు అడిగి పెట్టించుకుంటుంది. అబ్బాయి ఇంకా ఆవకాయ ఊటలో వేలు ముంచి నాకే దశలో ఉన్నాడు. వాడికి తొందరేం లేదు.

ఇక మిగిలింది చేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఇద్దరూ ఒక చెంచాతో సరిపెడతారు. కాకరకాయ సన్నగా చక్రాలు తరిగి కరకరలాడేలా వేయిస్తే అబ్బాయి తింటాడు. పులుసు పెడితే అమ్మాయి ముక్కలు పక్కకి తీసి, బెల్లం వేసిన పులుసు మాత్రం కలుపుకుంటుంది. ఈ ఏడాది పెరట్లో పొట్టి కాకర పాదు పెట్టాం, లేత కాయలు దిగుతున్నాయి. ఉల్లికారం కూరి గుత్తికూర చేద్దామని అమ్మాయే అడిగింది. కారం కూరేముందు కాయని మజ్జిగలో ఉడికించాలా, చింతపండు నీళ్లలోనా అని మా అమ్మకీ అత్తగారికీ ఫోన్లో చర్చ నడుస్తోంది. నా ఓటు చింతపండుకే.