పాత కారుకు ఏ ఆయిల్?

పాత కారుకు ఆయిల్ మార్చడం పెద్ద పనేం కాదు. ఏ ఆయిల్ పొయ్యాలో తేల్చుకోవడమే టెన్షన్. డబ్బా మీద లేటెస్ట్ గ్రేడ్ అని కనిపిస్తే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ నా బండి ఇంజిన్‌లో వాల్వులు తెరిచే క్యామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం. మధ్యలో రోలర్ ఉండదు, క్యామ్ లోబు, అంటే దాని ఉబ్బెత్తు భాగం, వాల్వును నెట్టే ట్యాపెట్ మీద నేరుగా ఒరుసుకుంటూ తిరుగుతుంది. అక్కడ అరుగుదలను ఆపేది జెడ్‌డీడీపీ, అంటే ఆయిల్‌లో కలిపే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం. ఫాస్ఫరస్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందని దాన్ని తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఎస్ఎం ప్రమాణంలో 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిల్స్‌లో ఫాస్ఫరస్‌కు 0.08 శాతమే పరిమితి. నా కారుకు అసలు కన్వర్టరే లేదు, దానికెందుకండీ ఈ పత్యం! జింక్ ఎక్కువున్న చిక్కటి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే తెచ్చా.

ఇవాళ ఇంజిన్ కాసేపు నడిపి, వేడి మీదుండగానే డ్రెయిన్ బోల్ట్ విప్పా. నల్లగా, జారుగా దిగింది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తే మెత్తగానే ఉంది, ఇనుప రజను తగల్లేదు. హమ్మయ్య! కొత్త రాగి వాషర్ వేసి బిగించా.

కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి మారుస్తా. షెడ్డులో నిలబడే బండికి ఆయిల్‌లో తేమ చేరడమే అసలు బెడద.